టర్బో ఇంజన్ వేడెక్కుతోందా? లోపం ఎక్కడుందో కనుక్కునే పద్ధతి

ఈ పాఠం ఎవరి కోసం

ఖతర్‌లో కంపెనీ బండి నడిపే డ్రైవర్ సోదరులు, గ్యారేజీల్లో మెకానిక్‌గా, హెల్పర్‌గా పని చేసేవారు ఈ పాఠం తప్పక చదవండి. మన ఊళ్లో బండి వేడెక్కితే చెట్టు నీడన ఆపి, బోరింగు దగ్గర నీళ్లు పట్టుకొచ్చి పోసి, మళ్లీ బయలుదేరతాం. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. దోహాలో 2010 జూలైలో 50.4 డిగ్రీల ఎండ నమోదైంది. వేసవిలో 45 డిగ్రీలు మామూలే. ఆ ఎండలో బండి వేడెక్కితే మూడు నష్టాలు రావచ్చు. ఇంజన్ పోవచ్చు, ఒళ్లు కాలవచ్చు, జీతంలో కోత పడవచ్చు.

ఈ మూడూ తప్పాలంటే ఒక అలవాటు చేసుకోండి. బానెట్ ఎత్తకముందే వేడి ఎప్పుడు పెరిగిందో, అప్పుడు బండి ఎలా నడుస్తోందో గుర్తుపెట్టుకుని కాగితం మీద రాయండి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

టర్బో బండికి వేడి ఎందుకు ఎక్కువ

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివర్లా రెండు చిన్న చక్రాలు ఉంటాయి. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. పెట్రోల్ ఇంజన్‌లో ఆ పొగ వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. ఇరుసును ఆయిల్ కాపాడుతుంది. చాలా బండ్లలో కూలెంట్ కూడా టర్బో మధ్యభాగంలో తిరుగుతుంది.

సైకిల్ పంపు కొడుతుంటే అడుగు భాగం వేడెక్కడం మీరు చూసే ఉంటారు. టర్బో నొక్కిన గాలి కూడా అలాగే వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చేది ఇంటర్‌కూలర్. చాలా బండ్లలో ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ముందువాటి వేడి గాలే వెనుక రేడియేటర్‌కు తగులుతుంది. వాటి మధ్య ఇసుక, పురుగులు చేరితే గాలి ఆడదు.

ఒకప్పుడు టర్బో అంటే లారీలు, డీజిల్ పికప్‌లే. ఇప్పుడు పెట్రోల్ బండ్లలోనూ వస్తోంది. 2021లో వచ్చిన లాండ్ క్రూజర్ 300లో రెండు టర్బోలున్న 3.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్ మోడల్ ఉంది. కాబట్టి ఇంటి డ్రైవర్లకు కూడా ఈ సంగతులు తెలియాలి.

మొదటి జాగ్రత్త: వేడి మీద మూత తీయవద్దు

మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపి, మూత గట్టిగా బిగించి ఉంటే లోపలి ఒత్తిడి వల్ల 125 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఉండగలవు. మూత తీయగానే ఆ ఒత్తిడి పోతుంది. లోపలిదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి, చేతుల మీదికి చిమ్ముతుంది. కనీసం 45 నిమిషాలు ఆగండి. పై హోస్ చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా అనిపించాలి. అప్పుడు మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకు పెట్టి, మూతను కొద్దికొద్దిగా వదులు చేయండి. ఇంజన్ ఆపినా ఫ్యాను తనంతట తాను తిరగవచ్చు, చేతులు దూరంగా ఉంచండి.

ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. వేసవిలో క్యాంపు ట్యాంకు నీళ్లే కాగిపోయి ఉంటాయి, వాటిని వాడవద్దు. తాగే చల్లటి నీళ్ల సీసాలు పోయండి. ఐస్ గడ్డలు, టూత్‌పేస్ట్ పెట్టవద్దు. కాలిన గాయం పెద్దదైనా, ముఖం మీద అయినా 999కు ఫోన్ చేయండి.

వేడి ఎప్పుడు పెరిగింది? దాన్నిబట్టి లోపం

1. సిగ్నల్ దగ్గర ఆగితే వేడి పెరిగి, బండి కదిలాక తగ్గుతోంది. గాలి అందడం లేదు. ఫ్యాను తిరగడం లేదేమో, దాని ఫ్యూజు, రిలే, మోటారు చూడండి. బెల్టుతో తిరిగే ఫ్యాను అయితే బెల్టు, ఫ్యాను క్లచ్ చూడండి. ఏసీ వేస్తే ఫ్యాను తిరగాలి, ఇది తేలికైన పరీక్ష.

2. సల్వా రోడ్డు, దుఖాన్ రోడ్డు మీద వేగంగా, బరువుతో పోతుంటే పెరుగుతోంది. గాలి సరిపోతున్నా చల్లదనం చాలడం లేదు. కూలెంట్ తక్కువైందేమో, రేడియేటర్ లోపల పాచి పట్టిందేమో, వాటర్ పంపు అరిగిందేమో చూడాలి. రేడియేటర్ ముందున్నవాటి మధ్య ఇసుక నిండినా ఇదే లక్షణం. ఇంజన్ చల్లారాక నీళ్లు తక్కువ ఒత్తిడితో, లోపలి వైపు నుంచి బయటికి కొట్టి కడగండి. ప్రెషర్ పంపు దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి.

3. గేజి ఎర్ర గీత దగ్గరికి వచ్చింది, పై హోస్ కాలుతోంది, కింది హోస్ చల్లగా ఉంది. థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదేమో, రేడియేటర్ మూసుకుందేమో అనుమానించాలి. బండి అప్పుడే స్టార్ట్ చేసినప్పుడు ఇలా ఉండడం మామూలే, దాన్ని లోపం అనుకోవద్దు.

4. గేజి ఎర్ర గీతదాకా వెళ్లి, ఒక్కసారిగా చల్లదనం వైపు పడిపోయింది. బండి బాగైందని సంతోషించకండి! కూలెంట్ అంతా పోయి, సెన్సర్ నీళ్లకు బదులు ఆవిరిలో ఉండవచ్చు. వెంటనే ఇంజన్ ఆపండి.

5. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే హోస్ రాయిలా గట్టిపడుతోంది, ట్యాంకులో బుడగలు వస్తున్నాయి. సిలిండర్ గ్యాసు కూలెంట్‌లోకి పోతోంది. హెడ్ గ్యాస్కెట్ పోయిన గుర్తు ఇది. ఆయిల్ పాల టీలా మారినా, తీపి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తున్నా అదే అనుమానం. ఇక ఆ బండి నడపకూడదు.

6. చల్లారాక హోస్ చప్పిడిగా నొక్కుకుపోతోంది. మూతలోని వాల్వు పని చేయడం లేదు. ముందు మూత మార్చి చూడండి, ఖర్చు తక్కువ.

టర్బో బండిలో ప్రత్యేకంగా చూడవలసినవి

కింద చుక్క పడకపోయినా కూలెంట్ తగ్గుతుంటే టర్బోకు పోయే సన్నని కూలెంట్ పైపులు చూడండి. టర్బో వేడికి రబ్బరు పెళుసుబారి పగులుతుంది. కారిన కూలెంట్ వేడి లోహం మీద పడి ఆవిరైపోతుంది, నేల మీద మరక ఉండదు. తీపి వాసన, జాయింటు దగ్గర ఎండిపోయిన రంగు పొడి మాత్రమే మిగులుతాయి. టార్చిలైటుతో వెతకండి.

డీజిల్ బండిలో పొగను చల్లార్చే ఇజిఆర్ కూలర్ లోపల చిల్లు పడినా బయట తడి కనిపించదు. కూలెంట్ మార్చిన మర్నాడే వేడి పెరిగితే లోపల గాలి చిక్కుకుని ఉండవచ్చు. టర్బో ఎత్తులో ఉన్న ఇంజన్లలో గాలి తీయడానికి కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన వరుస పాటించాలి. నీలం పొగ వస్తే అది ఆయిల్ కాలడం, దాన్ని కూలెంట్ లోపం అనుకోవద్దు. నల్లపొగ, లాగుడు తగ్గడం, ఈల శబ్దం కలిసి ఉంటే ఇంటర్‌కూలర్ గాలి హోస్ ఊడిందేమో చూడండి.

బరువుతో దూరం నడిపి వచ్చాక వెంటనే తాళం తీయవద్దు. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో చల్లారుతుంది, ఆయిల్ మాడదు. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపండి. ఉప్పదనం ఉన్న నీళ్లు పోస్తే లోపల తుప్పు, పాచి పడతాయి.

రోడ్డు మీద వేడెక్కితే

ఏసీ ఆపండి. హీటర్ పూర్తిగా పెట్టండి, మీకు ఉక్కపోసినా ఇంజన్ వేడి కొంత బయటికి పోతుంది. ఇండికేటర్ వేసి రోడ్డు పక్కకు తీయండి. ఆవిరి వస్తున్నా, బెల్టు తెగినా, కూలెంట్ కారుతున్నా వెంటనే ఇంజన్ ఆపాలి. అవేమీ లేకపోతే ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి, ముల్లు తగ్గకపోతే ఆపండి. కాలుతున్న ఇంజన్ మీద, టర్బో మీద చల్లటి నీళ్లు పోయవద్దు, లోహం పగులుతుంది. త్రికోణం పెట్టి, రోడ్డుకు దూరంగా నీడలో నిలబడండి. మీరు తాగే నీళ్లు రేడియేటర్‌కు పోసేయకండి, సాయం వచ్చేదాకా అవి మీ ప్రాణానికి కావాలి.

జీతంలో కోత గురించి

బండి చెడిపోయిందని కొందరు ముదీర్లు తప్పు డ్రైవర్ మీద వేస్తారు. చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టంలోని 60వ ఆర్టికల్ ప్రకారం మీ తప్పు వల్ల నష్టం జరిగిందని ముందు విచారణ జరగాలి. ఆ తర్వాతే పరిహారం అడగాలి. దాని కింద ఒక నెలలో 7 రోజుల జీతానికి మించి కోయకూడదు. నిర్ణయం మీకు తెలిసిన 7 రోజుల లోపల కార్మిక శాఖకు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఇళ్లలో పనిచేసే డ్రైవర్లకు ఈ చట్టం వర్తించదు, వారికి 2017 నాటి 15వ నంబరు చట్టం వేరే ఉంది.

విచారణలో మీ మాటకు బలం కాగితమే. అందుకని:

- రోజూ పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్, ఆయిల్ చూసి తేదీతో రాయండి.
- కూలెంట్ తగ్గితే ఆ రోజే ఫోర్‌మన్‌కు వాట్సాప్‌లో ఫోటో, కిలోమీటర్ల రీడింగు పంపండి. నోటిమాటతో వదలకండి.
- వేడెక్కిన బండి నడపమంటే, వేడెక్కుతోందన్న సంగతి మెసేజ్‌గా పంపి జవాబు దాచుకోండి.
- చదవలేని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టవద్దు. తెలిసినవారితో చదివించుకోండి.

ఇంకొక మాట. 2021 నాటి నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు 10 గంటల నుంచి 3.30 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. యార్డులో ఎండన పెట్టి రేడియేటర్ విప్పమంటే ఈ నిబంధన చెప్పండి.

సమస్య తెగకపోతే దోహాలోని భారత రాయబార కార్యాలయంలో కార్మిక విభాగాన్ని గానీ, ఎంబసీ ఆధ్వర్యంలో పనిచేసే ఐ.సి.బి.ఎఫ్.ను గానీ కలవండి. వచ్చేటప్పుడు ఒప్పంద పత్రం, ఖతర్ ఐడి నకలు, మీరు రాసుకున్న పుస్తకం, ఫోన్‌లోని మెసేజ్‌లు తెచ్చుకోండి.