వల గుళ్ళు: సీసమా, ఇనుమా?
(సామాన్య శాస్త్రం)



మా యానాదోళ్ళకు వలే ఆధారం. జమ్మలమడుగు దగ్గర మైలవరం డ్యాములో, ప్రొద్దుటూరు పక్కన నీళ్ళున్నప్పుడు పెన్నలో, పులివెందుల వైపు పార్నపల్లె చిత్రావతి రిజర్వాయరులో విసురు వల వేస్తారు. వల అంచుకు బరువు లేకపోతే అది తొందరగా మునగదు, చేప కింద నుంచి తప్పించుకుంటాది. అందుకే అంచు తాడుకు వరసగా సీసం గుళ్ళు కడతారు. వాటిని శానామంది ఇంట్లోనే పోసుకుంటారు. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. మా నాయన చేసే ఆ పనిలో మన 9వ తరగతి పాఠం ఉంది గనుక రాస్తున్నాను.

సీసమే ఎందుకు?
సీసం ద్రవీభవన స్థానం 327 డిగ్రీల సెంటీగ్రేడు. కట్టెల పొయ్యి మీదే కరుగుతుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి, అది ఇంట్లో కాదు. రెండోది సాంద్రత. ఒక ఘనపు సెంటీమీటరు సీసం 11.3 గ్రాములు తూగుతుంది. చిన్న గుండుకే ఎక్కువ బరువు.

ఎట్లా పోస్తారు?
పాత సామాన్ల అంగడిలో సీసం కొంటారు, లేదా పాత బ్యాటరీ పగలగొట్టి పలకలు తీస్తారు. ఇనుప గరిటెలో వేసి పొయ్యి మీద పెడతారు. కరిగినాక పైన తేలిన మడ్డి తీసి అచ్చులో పోస్తారు. అచ్చులో తడి ఉంటే నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై కరిగిన సీసం మొగం మీదికి చిమ్ముతుంది. ఈ సంగతి మా పెద్దోళ్ళకు బాగా తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది.

కనపడని విషం
సీసం పొగ, దుమ్ము కంటికి కనపడవు. నేల మీద, చట్టి మీద, చేతుల మీద పడతాయి. పాకే బిడ్డ ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లల ఒంటికి మింగిన సీసం 4, 5 రెట్లు ఎక్కువ పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఒళ్ళు దాన్ని కాల్షియం అనుకొని ఎముకల్లో దాచుకుంటుంది. మెదడు దెబ్బతిని చదువు ఎక్కదు, రక్తం తగ్గుతుంది. చూసేవాళ్ళు ఆ బిడ్డను మొద్దు అంటారు.

ఆఫ్రికాలో సెనెగల్ దేశంలో థియారోయ్ సూర్ మేర్ అనే సముద్రపు ఊరుంది. అక్కడి కమ్మర్లు పాత బ్యాటరీల సీసంతో వలలకు గుళ్ళు పోసేవాళ్ళు. తర్వాత సీసం ధర పెరిగితే జనం ఆ మట్టిని జల్లెడ పట్టి అమ్ముకున్నారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు చనిపోయారు.

కొన్ని దేశాల్లో సీసం గాలాలు పోసి రంగులు పూస్తారు. రంగు పైపైనే, రాళ్ళకు తగిలితే లేచిపోతుంది. హంసలు మింగి చస్తున్నాయని బ్రిటన్‌లో 1987లో చిన్న సీసం గుళ్ళ అమ్మకం ఆపేశారు.

మరి వలకు ఏం కట్టాలి?
ఆర్కిమెడీస్ సూత్రం గుర్తు చేసుకోండి. నీళ్ళలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికవుతుంది. ఒక్కొక్కటి 113 గ్రాములు తీసుకుందాం.

సీసం: 10 ఘ.సెం.మీ. నీళ్ళలో 103 గ్రాములు.
ఇనుము: సుమారు 14 ఘ.సెం.మీ. నీళ్ళలో సుమారు 99 గ్రాములు.
రాయి: సుమారు 42 ఘ.సెం.మీ. నీళ్ళలో సుమారు 71 గ్రాములు.

చూశారా, ఇనుముకు, సీసానికి తేడా 4 గ్రాములే! పాత నట్లు, గొలుసు ముక్కలు కట్టినా వల మునుగుతుంది. ఇనుము తుప్పు పట్టి తాడును కొరుకుతుంది, నిజమే. వల ఆరబెట్టినాక నూనె గుడ్డతో తుడవాలి. తుప్పు కనపడుతుంది, సీసం దుమ్ము కనపడదు.

సీసం మానలేని ఇంట్లో
1. బ్యాటరీ పగలగొట్టొద్దు.
2. ఇంటికి దూరంగా ఆరుబయట, గాలికి వీపు పెట్టి పోయాలి. పిల్లలు, గర్భిణులు దగ్గర ఉండకూడదు.
3. ఆ గరిటె, చట్టి వంటకు వాడొద్దు.
4. సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.
5. ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లలకు సీసం ఎక్కువ ఎక్కుతుంది. రాగి సంగటి, ఆకుకూర, గుడ్డు తినాలి.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు వల మానమని చెప్పకండి, వల మన అన్నం. నట్టు ఒకటి, సీసం గుండు ఒకటి దారానికి కట్టి నీళ్ళలో ముంచి తూచి చూపించండి. మాట వినని నాయన కూడా తక్కెడ మాట వింటాడు.

ప్రశ్న: 226 గ్రాముల ఇనుప గొలుసు నీళ్ళలో ఎంత తూగుతుంది? జవాబు కింద ఖాళీ జాగాలో రాయండి.