వట్టివేళ్ళ తడికయు, వేయి మీటర్ల గోపురమును

రోహిణీకార్తెలో ఏలూరు పట్టణమున మధ్యాహ్నవేళ వీథులు నిర్మానుష్యములై యుండును. పడమటి వడగాలి ముఖమునకు సోకినచో కొలిమి యెదుట నిలిచినట్లుండును. అట్టి దినములలో వెనుకటి గృహస్థులు వసారాలకు వట్టివేళ్ళ తడికలు కట్టించి, వానిపై మాటిమాటికి నీళ్ళు చల్లించెడివారు. నిప్పువంటి గాలి ఆ తడికను దాటి లోనికి వచ్చునప్పటికి చల్లనై పరిమళించుచుండెడిది. గాలి చల్లబడుటకు కారణము నీటి చల్లదనమని పలువురు తలంతురు. అది పొరపాటు. నీరు ఆవిరి యగుటకు వేడి కావలెను. ఆ వేడిని అది గాలినుండియే లాగుకొనును. ఒక గ్రాము నీరు ఆవిరియైనచో ఒక కిలోగ్రాము గాలి ఇంచుమించు రెండున్నర డిగ్రీలు చల్లబడును.

చల్లని గాలి వేడిగాలికంటె బరువైనది గనుక క్రిందికి దిగును. ఈ చిన్న సంగతిని ఆధారముగా గొని అమెరికాలో ఫిలిప్ కార్ల్‌సన్ అను నాతడు విద్యుదుత్పాదనకు ఒక పద్ధతిని కల్పించి 1975లో పేటెంటు పొందెను. పిమ్మట ఇజ్రాయేలు దేశమున హైఫా నగరమందలి టెక్నియన్ విద్యాపీఠమున డాన్ జస్లావ్‌స్కీ అను ఆచార్యుడు తన సహచరులతో గూడి పెక్కేండ్లు దానిపై కృషి చేసెను. వారు తలపెట్టినది వేయి మీటర్లకు పైబడిన ఎత్తును, నాలుగువందల మీటర్ల వ్యాసమును గల గొట్టపు గోపురము. దాని శిరోభాగమున నీటిని సన్నని తుంపరలుగా చిమ్ముదురు. అచటి గాలి చల్లబడి, బరువెక్కి, గోపురములో జలపాతమువలె దిగి, అడుగున అమర్చిన టర్బైనులను త్రిప్పుచు బయటికి పోవును. బొగ్గు లేదు, పొగ లేదు. గాలి వేడిగను పొడిగను ఉన్నంతవరకు రాత్రులందును పనిచేయును. కాగితముమీద ఇంతకంటె ముచ్చటయైన యంత్రము లేదు.

కాగితమును దాటి లెక్కలోనికి దిగినప్పుడు చిక్కులు కనబడును. నలువది డిగ్రీల గాలి పండ్రెండు డిగ్రీలు చల్లబడినచో దాని సాంద్రత నూటికి మూడున్నర పాళ్ళు మాత్రమే హెచ్చును. వేయి మీటర్ల ఎత్తు ఉన్నప్పుడే ఆ స్వల్పభేదము గాలిని, ఘర్షణ లేదనుకొన్నచో, గంటకు 90 కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగెత్తింపగలదు. నూరు మీటర్ల గోపురము ఎందుకును కొఱగాదు. దుబాయి నగరమందలి బుర్జ్ ఖలీఫా ఎత్తే 828 మీటర్లు! మఱి ఒక టన్ను నీటిని వేయి మీటర్లు ఎక్కించుటకు, ఏ నష్టమును లేకున్నను, 2.7 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. ఆ టన్ను నీరు ఆవిరియై ఇయ్యగల శక్తి, పై లెక్క ప్రకారము, 19 యూనిట్లకు మించదు. పంపులు, టర్బైనులు, గోడల రాపిడి తినివేయగా అందులో కొంతభాగమే చేతికి వచ్చును.

కొల్లేటి సీమలో విద్యుత్తు అవసరము సామాన్యమైనది కాదు. రొయ్యల చెరువులలో రాత్రియంతయు ఏరియేటర్లు తిరుగుచుండవలెను. తెల్లవారుజామున నీటిలోని ప్రాణవాయువు తగ్గిన వేళ కరెంటు పోయినచో రైతు యేడాది కష్టము గంటలలో తేలిపోవును. ఇక నీరందురా, బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగులు కొల్లేటిలో కలియును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. ఇన్ని నీళ్ళున్న చోట గోపురమేల నిలుపరాదు?

నీరున్నచోట గాలి అప్పటికే తడిసి యుండును. అదియే అసలు చిక్కు. గాలి 32 డిగ్రీల వేడితో, నూటికి 80 పాళ్ళ తేమతో ఉన్నప్పుడు, ఎంత నీరు చల్లినను అది మూడు డిగ్రీలకంటె చల్లబడదు. పల్నాటి రెంటచింతలలో 44 డిగ్రీల ఎండయు, 20 పాళ్ళ తేమయు ఉన్ననాడు అదే గాలి పదునెనిమిది డిగ్రీలు చల్లబడగలదు. కాని వడగాలి చెలరేగు వైశాఖజ్యేష్ఠములలోనే నీటికి కటకట. కొల్లేరు సైతము అప్పుడు కుంచించుకొనిపోవును. ఉప్పుటేటి వెంట సముద్రజలము ఎగువకు ప్రాకును. ఆ ఉప్పునీటినే చిమ్మరాదా యనవచ్చును. ఆవిరి కాక మిగిలిన ఉప్పు తుంపరలు గాలితో వెడలి చుట్టుపట్ల వరిపొలములమీద పడినచో, ఆ రైతులకు బదులు చెప్పువారెవరు?

అమెరికాలో ఆరిజోనా రాష్ట్రమున శాన్ లూయిస్ అను ఊరివద్ద 686 మీటర్ల గోపురమును కట్టుటకు 2014లో యత్నించిరి. అది లేవలేదు. దీనికి తలక్రిందులైన పద్ధతిలో, వేడిగాలిని పైకి పంపు గోపురమొకటి స్పెయిన్ దేశమున మంజనారెస్ వద్ద 1982 మొదలు 1989 వరకు పనిచేసినది. ఎత్తు 195 మీటర్లు; శక్తి 50 కిలోవాట్లు మాత్రమే. తుదకు గాలివానకు కూలినది. కొత్తగూడెము థర్మల్ కేంద్రమున 2024 ఆగస్టు 5న కూల్చివేయబడిన ఎనిమిది పాత గోపురములును గాలిని పైకి పంపినవే. అయితే వాని పని యంత్రపు వేడినీటిని చల్లార్చుట. పొడిగాలికి పెట్టినది పేరైన కర్నూలు సీమలో 2017 నాటికి వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. దానికి ఆకాశమునంటు గోపురముతో పని లేదు.

కొల్లేటి గట్టున రెండు ఉష్ణమాపకములను వ్రేలాడదీసి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూచినచో ఈ కథయంతయు కన్నులకు కట్టును. వడగాలి వీచు మధ్యాహ్నము రెండింటికిని చాల భేదము కనబడును. సాయంకాలము సముద్రపు గాలి తిరిగినంతనే ఆ భేదము తగ్గుచు, మూడు నాలుగు డిగ్రీలకు దిగును. ఆ వేళకే ఏలూరిలో తడికలపై నీళ్ళు చల్లుట మానెడివారు.