పదో తరగతి ఇప్పుడు రాయొచ్చా?

ప్రశ్న: తొమ్మిదిలోనే చదువు ఆగిపోయింది. ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉంటున్నాను. ముప్ఫై రెండేళ్లకు పదో తరగతి రాయగలనా?
– ఒక తల్లి, పద్మారావు నగర్

జవాబు: తప్పకుండా రాయగలరమ్మా. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదికి కనీసం 14 ఏళ్లుండాలి, గరిష్ఠ వయసు లేదు. సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, విడతలుగా పూర్తి చేయొచ్చు. తర్వాత ఇంటర్, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ.

మీకు అసలు కావలసింది రోజూ రెండు గంటల తీరిక. అది ఒంటరిగా దొరకదు. పొదుపు సంఘంలో నోరు విప్పి అడగండి. సాయంత్రాలు వంతులవారీగా పిల్లల్ని చూసుకుంటే మీతోపాటు మరో ఇద్దరు చదువుకుంటారు. అడగడానికీ, ఈ వయసులో చదవడానికీ మొహమాటం వద్దు. బాల్యవివాహాన్ని కాదనుకున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఇరవై దాటాకే మెట్రిక్ పాసయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి తోటి ఆడవాళ్లనూ చదివించారు.

ముందు పాత బడికెళ్లి రికార్డు షీటు తెచ్చుకోండి.