స్ప్రేయర్ మధ్యలో ఆగిపోతోందా? కాయిల్ చూడండి

పత్తికి, మిరపకు మందు కొట్టే రోజుల్లో పెట్రోలు స్ప్రేయర్ మొరాయిస్తే రైతుకు పోయేది ఒక పూట మాత్రమే కాదు. ట్యాంకులో కలిపిన మందు మర్నాటికి పనికిరాదు, కూలి దండగ, ఈలోగా పురుగు ఆగదు. పొద్దున ఒక్క లాగుకే స్టార్టయిన ఇంజను రెండు ట్యాంకులు కొట్టేసరికి వేడెక్కి టక్కున ఆగిపోతుంది. తాడు ఎంత లాగినా పలకదు. అరగంట చెట్టు నీడన పెడితే మళ్ళీ మామూలే. ఇలా జరుగుతుంటే ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి. దాని లోపల వెంట్రుకలాంటి రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. వేడికి ఆ తీగ పూత దెబ్బతిన్నా, ఎక్కడైనా విడిపోయినా ప్లగ్గుకు నిప్పురవ్వ అందదు.

అయితే వెంటనే కొత్త కాయిల్ కోసం పరుగెత్తకండి. ఇంజను ఆగగానే ముందు పెట్రోలు ట్యాంకు మూత కాస్త వదులు చేసి తాడు లాగండి. స్టార్టయితే కాయిల్ తప్పు కాదు, మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయింది. సూదితో శుభ్రం చేస్తే చాలు. అలా కాకపోతే ప్లగ్గు విప్పండి. మసి పట్టి ఉంటే బ్రష్షుతో తుడవండి, వీలైతే కొత్త ప్లగ్గు పెట్టి చూడండి.

తర్వాత నిప్పురవ్వ పరీక్ష. ప్లగ్గును దాని టోపీలో ఉంచి, మర ఉన్న భాగం ఇంజను ఇనుముకు ఆనేలా పెట్టి తాడు లాగాలి. నీడలో చూస్తే నీలం రవ్వ స్పష్టంగా కనిపించాలి. ప్లగ్గు రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది కాబట్టి రవ్వ దానికి దూరంగా పడాలి. పెట్రోలు డబ్బా పక్కన ఉండకూడదు. షాకు కొడుతుంది, లోహాన్ని చేత్తో పట్టుకోవద్దు. ఈ పరీక్ష ఇంజను వేడిగా ఉండగానే, ఆగిన వెంటనే చేయాలి. చల్లారాక చేస్తే చెడిన కాయిల్ కూడా మంచి రవ్వే ఇస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు.

రవ్వ రాలేదా? ఇంకొక్కటి చూడాలి. ఇంజను ఆపే స్విచ్చి నుంచి కాయిల్‌కు వచ్చే సన్నని వైరు ఊడదీసి మళ్ళీ లాగండి. ఇప్పుడు రవ్వ వస్తే స్విచ్చి చెడిందన్నమాట, లేదా వైరు ఎక్కడో ఒరుసుకుని ఇనుముకు తగులుతోంది. రూపాయల్లో పోయే పని. అప్పటికీ రాకపోతేనే కాయిల్ మార్చండి.

ముందుగా మందు ట్యాంకు, పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసి, యంత్రం పైభాగం సబ్బునీళ్ళతో కడిగి ఆరనివ్వాలి. చేతికి తొడుగులు తప్పనిసరి. స్టార్టర్ మూత స్క్రూలు విప్పితే ఫ్లైవీలు, దాని అంచున రెండు స్క్రూలతో బిగించిన కాయిల్ కనిపిస్తాయి. కొన్ని యంత్రాల్లో కాయిల్ ఫ్లైవీలు కింద ఉంటుంది. దాన్ని ఊడదీయడానికి ప్రత్యేక పుల్లర్ కావాలి. సుత్తితో కొట్టవద్దు, మెకానిక్కుకే ఇవ్వండి.

పాత కాయిల్ చేత్తో పట్టుకునే షాపుకు వెళ్ళండి. మోడల్ నంబరు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, వైరు పొడవు సరిపోవాలి. బిగించే ముందు ఫ్లైవీలు అయస్కాంతం మీది తుప్పును, కాయిల్ కూర్చునే చోటును సన్న గీకుడు కాగితంతో శుభ్రం చేయాలి.

అసలు పని ఖాళీ చూసుకోవడమే. కాయిల్‌కు, ఫ్లైవీలుకు మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. యంత్రం పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించండి. కొలత సాధనం లేకపోతే ఒక విజిటింగ్ కార్డు చాలు. స్క్రూలు వదులుగా పెట్టి, అయస్కాంతం కాయిల్ ఎదురుగా వచ్చేలా ఫ్లైవీలు తిప్పి, మధ్యలో కార్డు దూర్చండి. అయస్కాంతమే కాయిల్‌ను లాక్కుంటుంది. అప్పుడు బిగించి, కార్డు తీసి, ఒక చుట్టు తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి.

వైర్లు ఫ్లైవీలుకు, సైలెన్సరుకు తగలకుండా పోనిచ్చి, స్విచ్చి వైరు తిరిగి తగిలించాలి. దీన్ని మరిచిపోతే ఇంజను స్విచ్చితో ఆగదు. వీపున మోసే యంత్రానికి అది ప్రమాదం. అందుకని పొలానికి పోయే ముందే ఒకసారి స్టార్టు చేసి, స్విచ్చితో ఆపి చూడండి.

ఇంజను రెక్కల మధ్య దుమ్ము, ఆకుముక్కలు పేరుకుంటే వేడి పోక కొత్త కాయిల్ కూడా త్వరగా పాడవుతుంది. ప్లగ్గు టోపీ ఊడదీసి గాల్లో వదిలి తాడు లాగినా అంతే, రవ్వకు దారి దొరక్క కాయిల్ లోపలే పూత చీలుతుంది.