అగ్రిమెంటు కాగితంతో ఆస్తి మనదవుతుందా?



సెలవు మీద ఊరు వెళ్తాం. తెలిసినవాళ్లు స్థలం చూపిస్తారు. అడ్వాన్సు ఇచ్చి, స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాయించుకుని, "రిజిస్ట్రేషను వచ్చే సెలవులో చూద్దాం" అనుకుని దమ్మామ్ తిరిగి వచ్చేస్తాం. మిగతా డబ్బు నెలనెలా పంపుతాం. మరి ఆ స్థలం ఇప్పుడు ఎవరిది? చట్టం ప్రకారం ఇంకా అమ్మినవారిదే.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షను ప్రకారం రూ. 100, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే పూర్తవుతుంది. అమ్ముతానన్న ఒప్పందం దానంతట అది ఆస్తిపై హక్కు ఇవ్వదు. నోటరీ చేయించినా అది రిజిస్ట్రేషను కాదు. అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా మూడూ కలిపి రాయించుకున్నా యాజమాన్యం మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే ఆ కాగితం వృథాయేనా? కాదు. తెలుగు రాష్ట్రాల్లో 1999 నుంచి అగ్రిమెంటును కూడా రిజిస్టరు చేయించాలి. చేయించకపోయినా, దస్తావేజు రాసివ్వమని వేసే దావాలో దాన్ని సాక్ష్యంగా చూపడానికి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షను వీలిస్తుంది. దావాకు గడువు 3 ఏళ్లు. రిజిస్ట్రేషనుకు తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి, లేకుంటే అమ్మినవారు నిరాకరించారని తెలిసిన రోజు నుంచి లెక్క. మిగతా సొమ్ము ఇవ్వడానికి మనం సిద్ధంగా ఉన్నామనీ రుజువు చేయాలి.

అసలు ప్రమాదం వేరే ఉంది. రిజిస్టరు కాని అగ్రిమెంటు ఈసీలో కనిపించదు. సంగతి తెలియని మరొకరు పూర్తి ధర ఇచ్చి రిజిస్టరు చేయించుకుంటే, వారిపై మన దావా నిలవదు. స్థలం మన స్వాధీనంలో ఉన్నా, 2001 సెప్టెంబరు 24 తర్వాతి అగ్రిమెంటు రిజిస్టరు కాకపోతే 53-ఎ సెక్షను రక్షణ దొరకదు.

ఇక్కడి నుంచే చేయగలిగినవి:

• డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి, రసీదులు దాచండి.
• అగ్రిమెంటులో రిజిస్ట్రేషను తేదీ రాయించండి, దాన్ని రిజిస్టరు చేయించండి.
• రాలేకపోతే నమ్మకమైన బంధువు పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసి, భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపండి. అది ఇండియా చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి.
• పాత అగ్రిమెంటు ఉంటే ఈ వారమే తేదీ చూసుకుని న్యాయవాదిని కలవండి.

అమ్మేవారు అన్నలాంటి వారైనా సరే, దస్తావేజు మన పేర పడ్డాకే స్థలం మనది.