బెరడు పురుగు, కొండ నీరు

వడ్లగింజంత పురుగు కొండలమీది అడవినే ఎండబెట్టగలదు. ఉత్తర అమెరికా రాకీ పర్వతాల్లో మౌంటెన్ పైన్ బీటిల్ చేసింది అదే. శాస్త్రీయ నామం డెండ్రోక్టోనస్ పాండరోసే. ఇది బెరడు కిందికి తొలుచుకెళ్లి గుడ్లు పెడుతుంది. వెంట తెచ్చిన శిలీంధ్రం చెట్టులో నీరు పైకెక్కే దారిని మూసేస్తుంది. మరుసటి ఏడాదికి ఆకులు ఎర్రబారతాయి. మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ చలికి దీని లార్వాలు చస్తాయి. శీతాకాలాలు వేడెక్కి ఆ కాపలా సడలింది. 1996 నుంచి ఒక్క కొలరాడోలోనే 30 లక్షల ఎకరాలకు పైగా అడవి దీని బారిన పడింది.

పరీక్షకు చదివేవారికి అసలు ప్రశ్న నీటి గురించే. కొలరాడో నదిపై సుమారు 4 కోట్ల మంది ఆధారపడి ఉన్నారు. ఆ నీటిలో అధిక భాగం ఈ కొండల మంచు కరిగి వచ్చేదే. చచ్చిన చెట్టు నీరు తాగదు కనుక ప్రవాహం పెరుగుతుందని చాలామంది రాసేస్తారు. తొందరపడొద్దు! నీడ పోయాక ఎండ, గాలి నేరుగా తగిలి మంచు ఉత్పతనం చెందుతుంది, అంటే కరగకుండానే ఆవిరవుతుంది. బతికిన చెట్లు, కొత్త మొలకలు మిగతా నీటిని పీల్చుకుంటాయి. అందుకే అనేక పరీవాహక ప్రాంతాల్లో ఆశించిన పెరుగుదల కనిపించలేదు. పైగా మంచు ముందే కరుగుతుంది. వేసవికి నీరు దాచుకోవాల్సిన జలాశయాలకు ఇది పెద్ద చిక్కు.

నీటి నాణ్యతనూ మరవకండి. రాలిన ఆకులు కుళ్లి కర్బన పదార్థం వాగుల్లో చేరుతుంది. శుద్ధి కేంద్రంలో అది క్లోరిన్‌తో కలిస్తే ట్రైహాలోమీథేన్లు ఏర్పడతాయి. పురుగు సోకిన కొలరాడో పరీవాహకాల తాగునీటిలో ఇవి ఎక్కువగా కనిపించాయి.