కోరిక పక్కనే అడ్డంకినీ అంటించండి

కొత్త ఏడాది వస్తోందంటే చార్టు షీటు, కత్తెర, ఫెవికాల్, పాత ఆదివారం అనుబంధాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు ఇప్పుడు మన ఇళ్లలోనూ కనిపిస్తున్నారు. ఈ ఏడాది ఏం సాధించాలో ఆ బొమ్మలు కత్తిరించి అంటించి, రోజూ కంటబడేలా గోడకు తగిలిస్తారు. అదే విజన్ బోర్డు. 2006లో ‘ది సీక్రెట్’ సినిమా, పుస్తకం వచ్చాక దీనికి బాగా పేరొచ్చింది. మంచి అలవాటే. ‘నాకు నిజంగా ఏం కావాలి?’ అని ఒక పూట తీరిగ్గా ఆలోచించుకోవడం చాలామంది ఏళ్ల తరబడి వాయిదా వేసే పని. జనవరి 1 దాటిపోయినా ఫర్వాలేదు, ఉగాది ఉంది. తప్పకుండా చేయండి.

అయితే చాలా బోర్డులు సగంలోనే ఆగిపోతున్నాయి. సొంతిల్లు, కారు, సన్నని నడుము, ఈఫిల్ టవర్... అన్నీ చివరి సీన్లే. మధ్యలో కథ లేదు.

ఉగాది పంచాంగం ప్రతి రాశికీ నాలుగు అంకెలు చెబుతుంది: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. జాతకాల మీద నమ్మకం ఉన్నా లేకున్నా, ఆ లెక్క వేసిన తీరు చూడండి. వచ్చేదాని పక్కనే పోయేది, గౌరవం పక్కనే చిన్నచూపు. మనం బోర్డు మీద ఆదాయం, రాజపూజ్యం అంటించి మిగతా రెండు గడులూ వదిలేస్తున్నాం. అసలు పని జరిగేది ఆ రెండు గడుల్లోనే.

గాబ్రియెలె ఓటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 1991లో వెలువడిన ఆమె అధ్యయనం ఒకటి బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళల గురించి. ‘నేను తగ్గగలను’ అన్న నమ్మకం ఉన్నవాళ్లు బాగానే తగ్గారు. సన్నబడిపోయినట్టు తియ్యటి పగటికలలు కన్నవాళ్లు మాత్రం, అలాంటి కలలు కననివాళ్లకంటే ఏడాది తిరిగేసరికి సుమారు 11 కిలోలు తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, పగటికల వేరు. గెలిచేసినట్టు ఊహించుకుంటే మనసు అప్పుడే సేదదీరిపోతుంది, ఒంట్లో ఊపు తగ్గుతుంది. కాబట్టి కోరికను తలచుకున్న వెంటనే దానికి అడ్డుపడేదాన్ని కూడా కళ్ల ముందుకు తెచ్చుకోండి అంటారామె.

అడ్డంకి రాయమంటే అందరూ మొదట రాసేది ‘టైం లేదు’. రెండోది ‘డబ్బు లేదు’. అక్కడ ఆగకండి, ఇంకాస్త తవ్వండి. మాకు తెలిసిన ఒకావిడ నలభై అయిదేళ్ల వయసులో స్కూటీ నేర్చుకోవాలనుకుంది. అడ్డంకి ఏమిటంటే ‘నేర్పేవాళ్లు లేరు’ అంది. తమ్ముడు నేర్పుతానన్నాడుగా? ‘వాడికి ఖాళీ ఉండదు.’ ఆదివారం ఉంటుందిగా? కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు మాట బయటికొచ్చింది: కింద పడితే కాలనీలో అందరూ చూస్తారని సిగ్గు. ఆ సిగ్గు పేరు కాగితం మీదికి వచ్చాక దారి వెతకడం ఎంతసేపు? పొద్దున్నే అయిదున్నరకి, రెండు వీధుల అవతల బడి గ్రౌండు. బోర్డు మీద స్కూటీ బొమ్మ కింద ‘సిగ్గేస్తే గ్రౌండుకి వెళ్తాను’ అని రాసుకుంది. ‘ఇలా అయితే అలా చేస్తాను’ అని ముందే ముడివేసుకున్న నిర్ణయాలు ఎక్కువగా అమలవుతాయని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. ఆ ఒక్క వాక్యం పది బొమ్మల పెట్టు.

ఇక బొమ్మల సంగతి. లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే పరిశోధకులు పరీక్షలకు కొద్దిరోజుల ముందు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేసి 1999లో ప్రచురించారు. మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్లకంటే, కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లు ఎక్కువసేపు చదివారు, ఎక్కువ మార్కులూ తెచ్చుకున్నారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి తయారయ్యే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇదే చెబుతాను. డిప్యూటీ కలెక్టర్ బొమ్మ ఒక మూలన ఉండనివ్వండి. నడిమధ్యన మాత్రం మీరు కూర్చునే స్టడీ హాల్ బల్ల ఫోటో, పాత ప్రశ్నపత్రం, ఈ వారం ముగించాల్సిన పాఠాల పట్టిక ఉండాలి. విహారయాత్రకి 60 వేలు కావాలా? ఈఫిల్ టవర్ పక్కన నెలకి 5 వేల రికరింగ్ డిపాజిట్ పాస్‌బుక్ జిరాక్సు అంటించండి. ఆ 5 వేలు ఏ ఖర్చు తగ్గించి తెస్తారో దాని కింద రాయండి. వ్యయం గడి అంటే అదే.

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచూ వినిపించే ఒక కథ గురించి ఒక మాట. 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో లక్ష్యాలు రాసుకున్న 3 శాతం మంది, మిగతా 97 శాతం మందికంటే ఎక్కువ సంపాదించారని చెబుతారు. అలాంటి అధ్యయనం జరగనేలేదని యేల్ వాళ్లే తేల్చారు. రాసుకోవడం మంచిదే, దాన్ని నిలబెట్టడానికి కట్టుకథలు అక్కర్లేదు.

బోర్డు పూర్తవగానే ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ‘నేను ఫలానా కాబోతున్నా’ అని నలుగురికీ చాటి, వాళ్ల మెప్పు ముందే అందుకున్నవాళ్లు ఆ పనికి తక్కువ సమయం పెట్టారని గోల్విట్జర్ బృందం 2009లో వెల్లడించింది. బీరువా తలుపు లోపలి వైపు అంటించుకోండి. చీరో చొక్కానో తీసుకునేటప్పుడు రోజూ మీకు ఎదురుపడుతుంది, మీకు మాత్రమే.

మూడు కోరికలకు మించి వద్దు. పది పెట్టుకుంటే ఒక్కదానికీ ఒళ్లు వంగదు.

దసరాకి పనిముట్లు తుడిచి ఆయుధ పూజ చేస్తాం కదా, అదే రోజు బోర్డునీ బయటికి తీయండి. నెరవేరినవాటి మీద తేదీ వేయండి. ఆరు నెలలుగా ఒక్క అడుగూ పడని బొమ్మ ఏదైనా ఉంటే, అది మీ కోరికేనా, బంధువుల ఇంట్లో చూసి అంటించిందా అని తేల్చుకోండి. చూసి అంటించిందైతే మొహమాటం లేకుండా పీకేయండి. మీదే అయితే, దాని కింద రాసిన అడ్డంకి అసలైనది కాదన్నమాట. దాన్ని కొట్టేసి, మళ్లీ తవ్వి కొత్తది రాయండి.